సెప్టిక్ ట్యాంకు బండిని పిలిచే ముందు

సంపాదకులు గారికి నమస్కారములు.

సెప్టిక్ ట్యాంకులో దిగిన కూలీలు ఊపిరాడక మరణించారన్న వార్త ఏటా ఏదో ఒక జిల్లా నుంచి పత్రికలలో వస్తూనే ఉంటుంది. కాంట్రాక్టరు నిర్లక్ష్యమనో, అధికారుల ఉదాసీనత అనో ఆ వార్తల కింద కారణం రాస్తారు. అది నిజమే కావచ్చు. అయితే ఆ కూలీని పిలిచినది, బేరం కుదుర్చుకున్నది, మూత తీసి చూపించినది ఒక ఇంటి యజమాని అన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒడిశాలోని బరంపురంలో చాలాకాలంగా ఇళ్ళ నిర్మాణం పర్యవేక్షిస్తున్నవాడిగా ఆ ఇంటి యజమానిని ఉద్దేశించి, మీ పత్రిక ద్వారా, నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఉత్తరం కొంత పొడవుగా ఉన్నా పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

బరంపురంలో చాలా వీధులకు భూగర్భ మురుగు పైపులు లేవు. అటు పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వంటి తెలుగువారున్న పట్టణాలలోనూ ఎవరి ఇంటి మలినం వారి ఇంటి కింద ట్యాంకులోనే ఉంటుంది. పాత బజారు ప్రాంతాలలోని మన నేతవారి ఇళ్ళు వీధివైపు సన్నగా, వెనక్కి పొడవుగా ఉంటాయి. ఒకప్పుడు నుయ్యి, దొడ్డి రెండూ పెరటి చివర ఉండేవి. కుటుంబాలు పెరిగి పెరట్లో గదులు లేచాక మరుగుదొడ్డి ఇంట్లోకి వచ్చింది, దానితోపాటు ట్యాంకు కూడా నడవ కిందికో, వంటింటి పక్కకో వచ్చి చేరింది. దాని మీద టైల్సు పరిచారు. ఈ రోజు ఆ ఇంట్లోని కుర్రవాళ్ళను ట్యాంకు మూత ఎక్కడుందని అడిగితే సగం మంది చెప్పలేరు. ట్యాంకు ఖాళీ చేసే బండి వచ్చి వీధిలో నిలబడ్డాక గునపంతో నేల తట్టి చూసుకునే పరిస్థితి నేను ఎన్నో ఇళ్ళలో చూశాను.

ట్యాంకు చేసే పని ఏమిటో తెలిస్తే మిగిలిన సంగతులన్నీ సులువుగా అర్థమవుతాయి. మరుగుదొడ్డి నుంచి వచ్చినది ట్యాంకులో ఒక రోజుకు తక్కువ కాకుండా కదలకుండా నిలవాలి. అలా నిలిచినప్పుడు బరువైనది అడుగున బురదగా పేరుకుంటుంది, నూనె, జిడ్డు వంటి తేలికైనవి పైన తెట్టుగా కడతాయి, మధ్యలో ఉన్న కొంత తేటపడిన నీరు ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉండే టీ పైపు గుండా బయటికి, ఇంకుడు గుంతలోకి పోతుంది. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు అడుగు బురదను మెల్లగా జీర్ణం చేస్తాయి గాని పూర్తిగా కాదు. ఇసుక, మట్టి, జీర్ణం కాని పీచు ఏటేటా మిగిలిపోతూనే ఉంటాయి. బురద పెరిగే కొద్దీ నీరు నిలవడానికి చోటు తగ్గుతుంది, చోటు తగ్గితే నీరు తేటపడకుండానే బయటికి పరుగెడుతుంది. మరుగుదొడ్డి పొంగనంతవరకు ట్యాంకు బాగానే ఉందనుకోవడం అందువల్లనే పొరపాటు. పొంగే నాటికి చాలా ముందే బురద ఇంకుడు గుంతలోకి వెళ్ళి మట్టి రంధ్రాలను మూసేసి ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేయించడానికి అయ్యే ఖర్చు వేరు, పూడుకుపోయిన ఇంకుడు గుంతను తవ్వి మళ్ళీ కట్టించడానికి అయ్యే ఖర్చు వేరు.

బయటికి వచ్చే ఆ నీరు తేటగా కనిపించినా శుభ్రమైనది కాదు, రోగక్రిములు అందులో పుష్కలంగా ఉంటాయి. దానిని నేరుగా వీధి కాలువలోకి వదిలే అలవాటు మా ఊళ్ళో చాలా ఎక్కువ. సెప్టిక్ ట్యాంకుల గురించి భారత ప్రమాణాల సంస్థ వారు ఇచ్చిన ఐ.ఎస్. 2470 ప్రమాణం ప్రకారం ఆ నీరు భూమిలోకి ఇంకే ఏర్పాటు తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగుల దూరంలో ఉండాలి. మన పొడవాటి ఇళ్ళలో అంత దూరం కుదరని చోట ఆ నూతి నీటిని తాగడానికి, వంటకు వాడకపోవడమే మార్గం. తాతల నాటి నుయ్యి, తియ్యని నీళ్ళు అన్న అభిమానం అర్థం చేసుకోదగినదే గాని, తాతల నాడు పక్కన ఈ ట్యాంకు లేదు.

ఎన్నాళ్ళకొకసారి తీయించాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. ప్రభుత్వ మార్గదర్శకాలు సాధారణ కుటుంబానికి రెండు మూడేళ్ళకు ఒకసారి అంటున్నాయి. బురద, తెట్టు కలిసి ట్యాంకు లోతులో మూడోవంతుకు చేరితే తీయించవలసిందేనన్నది పనివారందరూ పాటించే లెక్క. మా ఊరివారికి దీనిని గుర్తుంచుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. మా ఊరి అమ్మవారు బుడి ఠాకురాణి జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది. ఆ రోజుల్లో శ్రీకాకుళం నుంచి, విశాఖపట్నం నుంచి ఆడపడుచులు, అల్లుళ్ళు, పిల్లలతో దిగుతారు, ఐదుగురున్న ఇంట్లో పాతికమంది ఉంటారు. ఆ నెలలోనే ట్యాంకులు పొంగుతాయన్నది మా వీధుల్లో అందరికీ తెలిసిన ముచ్చట. కాబట్టి జాతర వచ్చే ఏడాది, సంక్రాంతి దాటగానే ట్యాంకు ఖాళీ చేయించుకుంటే గడువూ తప్పదు, చుట్టాల ముందు పరువూ దక్కుతుంది.

సంక్రాంతి దాటాక అనడానికి మరో కారణం కూడా ఉంది. వానాకాలంలో మా ప్రాంతంలో భూగర్భ జలం బాగా పైకి వస్తుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయిస్తే పగుళ్ళున్న పాత ఇటుక ట్యాంకులోకి బయటి నీరు ఊరి ఒకటి రెండు రోజుల్లోనే మళ్ళీ నిండుతుంది, ఇచ్చిన డబ్బు నీళ్ళపాలవుతుంది. ఈ మధ్య అమ్ముతున్న ప్లాస్టిక్ ట్యాంకులైతే ఖాళీ కాగానే కింది నీటి ఒత్తిడికి పైకి తేలి పైపులు విరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. అక్టోబరు మాకు తుపానుల నెల. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి గజపతి జిల్లాను కూడా ముంచింది. అటువంటి వరదలో పల్లపు వీధుల ట్యాంకులలోకి మూతల సందుల నుంచి నీరు చేరుతుంది. అప్పుడు కంగారుపడి బండిని పిలవడం దండగ. నేల ఆరేదాకా నీటి వాడకం తగ్గించుకుని ఆగి, తర్వాత తీయించుకోవాలి.

గడువు లెక్కలు అందరికీ ఒకేలా ఉండవు కనుక బురద ఎంత ఉందో కొలిచి చూసుకోవడం మేలు. ఇది ఎవరైనా చేయగలిగిన పనే. ట్యాంకు లోతు కన్నా పొడవైన వెదురు కర్ర ఒకటి తీసుకుని దాని కింది సగానికి పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి దారంతో కట్టాలి. మూత తీసి, లోపలి గాలి బయటికి పోయేలా కాసేపు వదిలేయాలి. ఆ దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపం ఏవీ ఉండకూడదు, ఎందుకంటే లోపల పుట్టే మీథేన్ మండే వాయువు. తర్వాత రంధ్రం మీదికి ముఖం వంచకుండా, పక్కన నిలబడి కర్రను నిటారుగా అడుగు తగిలేదాకా దింపి, రెండు మూడు నిమిషాలు ఉంచి మెల్లగా పైకి తీయాలి. నీరు తగిలిన గుడ్డ బూడిద రంగులో తడిసి ఉంటుంది, బురద తగిలిన చోట నల్లటి ముద్ద అంటుకుని గీత గీసినట్టు తేడా కనబడుతుంది. అడుగు నుంచి ఆ గీత దాకా ఉన్నదే బురద మందం. ఐదడుగుల నీటి లోతులో ఆ గీత అడుగున్నర దాటిందంటే ఇక బండికి ఫోను చేయవలసిందే. చిన్నపిల్లలను ఆ పరిసరాలకు రానీయకూడదని, పని కాగానే మూత మళ్ళీ గట్టిగా బిగించాలని వేరే చెప్పనక్కరలేదు.

ట్యాంకు త్వరగా నిండడానికి సగం కారణం మనం అందులో వేసేవే. శానిటరీ ప్యాడ్లు, తడి టిష్యూలు, పిల్లల డైపర్లు, జుట్టు, గుడ్డ పీలికలు ఏవీ లోపల జీర్ణం కావు. బండి పైపుకు అడ్డం పడి పని ఆగిపోవడానికి కూడా ముఖ్య కారణం ఇవే. వేపుళ్ళ నూనెను సింకులో పారబోస్తే తెట్టు రాయిలా గట్టిపడుతుంది. స్నానాల నీరు, బట్టలుతికిన నీరు కూడా లోపలికే మళ్ళిస్తే, అందుకు తగ్గట్టు పెద్దదిగా కట్టని ట్యాంకులో నీరు నిలిచే సమయం తగ్గి బురద బయటికి కొట్టుకుపోతుంది. డాబా మీది వాన నీరు అయితే ఎట్టి పరిస్థితిలోనూ అందులోకి పోకూడదు. ఫినాయిల్, యాసిడ్ మితంగా వాడితే పరవాలేదు గాని, పండగకు సీసాలకు సీసాలు గుమ్మరిస్తే లోపలి సూక్ష్మజీవులు చస్తాయి.

ఇక బజారులో దొరికే పొడుల సంగతి. ఈ పొట్లం నెలకొకటి వేస్తే పదేళ్ళు ట్యాంకు తీయించనక్కరలేదని చెప్పి అమ్ముతారు. మన మలంతోపాటే కోట్లాది సూక్ష్మజీవులు రోజూ లోపలికి పోతున్నప్పుడు కొత్తగా కొని వేయవలసినవేమీ లేవు. ఏ పొడీ ఇసుకను, మట్టిని కరిగించలేదు. కొత్తగా కట్టిన ట్యాంకును ముందు నీటితో నింపి, కొంచెం పేడ నీళ్ళో, పనిచేస్తున్న ట్యాంకులోని పాత బురదో వేసి మొదలుపెట్టే పద్ధతి మాత్రం శాస్త్రీయమైనదే, ఐ.ఎస్. ప్రమాణంలో కూడా ఉన్నదే. ఆ కారణంగానే ట్యాంకు తీయించినప్పుడు కూడా అడుగున కొద్దిగా, ఒక అంగుళం మేర, బురద మిగల్చమంటారు. లోపల కడిగి అద్దంలా మెరిపించమని పట్టుబట్టే యజమానులున్నారు, అది అనవసరం.

బండిని ఎంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మొదట మీ ట్యాంకు పరిమాణం మీకు తెలియాలి. పొడవు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు, నీటి లోతు 5 అడుగులు అయితే 160 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు లెక్కన అది సుమారు 4,500 లీటర్లు. 3,000 లీటర్ల బండి వస్తే ఒక్క ట్రిప్పుతో అయ్యే పని కాదు. ఫోనులో ఒక మొత్తం చెప్పి, వచ్చి సగం లాగాక రెండో ట్రిప్పుకు వేరే డబ్బు అడగడం, ఇంట్లో మగవారు లేరని తెలిస్తే మరింత అడగడం మామూలైపోయింది. ధర ట్రిప్పుకా, ట్యాంకుకా అన్నది బండి బయలుదేరక ముందే తేల్చుకోవాలి. మీ సందు వెడల్పు ఎంత, వీధిలో బండి ఆగే చోటు నుంచి మూత దాకా ఎన్ని అడుగులు, మధ్యలో మలుపులెన్ని అన్నది కూడా ముందే చెప్పాలి. మన ఇళ్ళలో పైపు వీధి గుమ్మం నుంచి దేవుడి గది పక్కగా, వంటిల్లు దాటి పెరట్లోకి పోవలసి ఉంటుంది. పైపు చాలక మధ్యలో జాయింట్లు వేస్తే ఆ జాయింట్ల దగ్గరే కారుతుంది. కిందపడినది కడిగి, సున్నమో బ్లీచింగో చల్లి వెళ్ళే బాధ్యత వారిదేనని ముందుగా మాట తీసుకోవాలి.

బండి వచ్చాక యజమాని ఎవరైనా దగ్గరుండాలి. చాలా ట్యాంకులకు రెండు అరలు, రెండు మూతలు ఉంటాయి. బురదలో ఎక్కువ భాగం మరుగుదొడ్డి పైపు పడే మొదటి అరలో ఉంటుంది. ఏది సులువుగా తెరుచుకుంటే ఆ మూత తీసి, పైనున్న పల్చటి నీరు లాగేసి, అడుగున గట్టిపడినది అలాగే వదిలి, అయిపోయిందని పైపు చుట్టేసేవారు ఉన్నారు. బండి నిండింది కదా అని మనమూ సంతోషిస్తాం, ఆరు నెలలకే మళ్ళీ పొంగుతుంది. పని తెలిసినవారైతే లాగిన నీటిని కొంత ఒత్తిడితో తిరిగి లోపలికి వదిలి, పొడవాటి కర్రతో పైనుంచే కలియబెట్టి, బురద పల్చబడ్డాక మళ్ళీ లాగుతారు. పైపులో ప్రవాహం మొదట నీళ్ళ చప్పుడుతో, తర్వాత ముద్దముద్దగా, చివరకు గాలి పీల్చే చప్పుడుతో మారడం దగ్గరుంటే తెలుస్తుంది. అంతా అయ్యాక టార్చి వేసి పైనుంచే లోపలికి చూసి, బయటికి పోయే టీ పైపు విరిగిందా, మధ్య గోడ పగిలిందా అన్నది డ్రైవరును అడిగి తెలుసుకోవాలి. ఆ పది నిమిషాలు మళ్ళీ రెండేళ్ళ దాకా దొరకవు.

ఏ బేరంలోనూ, ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడనిది మనిషిని లోపలికి దింపడం. అడుగు బురద గట్టిపడిపోయింది, కుర్రవాడు దిగితేనే వస్తుంది, ఇంకో ఐదు వందలు ఇవ్వండి అన్న మాట చాలామంది విన్నదే. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైనది, అడుగునే నిలిచి ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది గాని, మోతాదు పెరిగితే మొదట ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన లేదు కదా, గాలి ఆడుతోంది కదా అని దిగినవాడు రెండు మూడు శ్వాసలకే పడిపోవచ్చు. పడినవాడిని లాగడానికి అన్నో, తమ్ముడో, ఒక్కోసారి ఇంటి యజమానో దూకుతాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తల వెనుక ఉన్నది ఇదే. అలా జరిగితే ఎంత ఆత్రుత ఉన్నా ఎవరూ దిగకూడదు. మూతలన్నీ తెరిచి, 101కో 112కో ఫోను చేసి, శ్వాస పరికరాలున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా పైనుంచి తాడు అందించడం తప్ప మరొకటి చేయకూడదు.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక పెద్దావిడ ఉన్నారు. బండితో వచ్చిన కుర్రవాడు చొక్కా విప్పి దిగబోతుంటే ఆవిడ కుర్చీ తెప్పించుకుని మూత పక్కనే కూర్చుని, "నాయనా, ఆ మిగిలినది మా ఇంట్లోనే ఉండనీ, నువ్వు మాత్రం దిగకు" అన్నారు. డ్రైవరు విసుక్కున్నాడు గాని రెండు బిందెల నీళ్ళు పోసి, వెదురుతో కలిపి, ఇంకో అరగంటలో అదంతా పైపుతోనే లాగేశాడు. దిగవలసిన అవసరం మొదటినుంచీ లేదన్నమాట.

ఇది దయాదాక్షిణ్యాల ప్రశ్న మాత్రమే కాదు. 2013 నాటి పాకీపని నిషేధ, పునరావాస చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు గాని, 2 లక్షల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఆ నిషేధం స్థానిక సంస్థలకు, కాంట్రాక్టర్లకు మాత్రమే పరిమితం కాదు, ఏ వ్యక్తీ చేయించకూడదని చట్టంలో ఉంది, కనుక ఇంటి యజమాని తప్పించుకోలేడు. 2014లో సుప్రీంకోర్టు ఇటువంటి మరణాలకు 10 లక్షల పరిహారం నిర్ణయించగా, 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. ఒడిశా ప్రభుత్వం కూడా పారిశుధ్య కార్మికుల కోసం 2020లో గరిమా పథకం తెచ్చింది. చట్టాలు, పథకాలు ఉన్నాయి. ఐదు వందలకు మనిషిని దింపే బేరం మాత్రం మన గుమ్మాల దగ్గర ఇంకా జరుగుతూనే ఉంది.

మనం దాదాపు ఎన్నడూ అడగని మరో ప్రశ్న, బండి నిండాక ఎక్కడికి పోతుంది అన్నది. ఒడిశాలో 2017లో పట్టణ పారిశుధ్య విధానం వచ్చాక ఊరి ఊరికీ మలబురద శుద్ధి కేంద్రాలు కడుతూ వచ్చారు. ఢెంకనాల్‌లో 2018లో మొదలైనది రోజుకు 27 వేల లీటర్లు శుద్ధి చేసేలా కట్టినది. కటక్‌లోని కేంద్రాన్ని ట్రాన్స్‌జెండర్ల స్వయం సహాయక బృందం నడుపుతోంది. బరంపురానికి కూడా శుద్ధి కేంద్రం ఉంది. అక్కడ బురదను, నీటిని వేరు చేసి, నీటిని అంచెలంచెలుగా వడగట్టి, బురదను ఎండబెట్టి ఎరువుగా మారుస్తారు. అయితే అక్కడిదాకా వెళ్ళడానికి డీజిలు, సమయం ఖర్చవుతాయి. అందరికన్నా తక్కువ ధర చెప్పిన బండి ఆ ఖర్చును ఎక్కడ మిగుల్చుకుంటోందో ఊహించడం కష్టం కాదు. రాత్రి వేళ ఊరి చివర కాలువలోనో, రోడ్డు పక్క గుంటలోనో పైపు విప్పేస్తే పని అయిపోతుంది. కొందరు రైతులు బలమని చెప్పి తమ పొలంలోనే వదలమంటారు. శుద్ధి చేయని బురదతో ఏలికపాముల గుడ్లు ఆకుకూరల మీదుగా మళ్ళీ మన వంటింటికే వస్తాయి.

అందువల్ల ధర అడిగిన తర్వాత అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. బండి పురపాలక సంస్థ దగ్గర నమోదైనదా, శుద్ధి కేంద్రంలో దింపినట్టు చీటీ తెచ్చి చూపిస్తారా, వచ్చే ఇద్దరికీ చేతి తొడుగులు, బూట్లు, ముఖానికి కట్టుకునేవి ఉన్నాయా అని అడగాలి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చేవారు వంద రెండు వందలు ఎక్కువ అడిగినా నా దృష్టిలో వారే చవక. మొదట పురపాలక సంస్థ బండినే అడగడం మంచిది, అది దొరకకపోతేనే నమోదైన ప్రైవేటు బండి. సెప్టిక్ ట్యాంకులు, మురుగు పైపుల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ 14420 అన్న ఒకే నంబరు ప్రకటించింది, దానిని కూడా ఫోను పక్కన రాసి పెట్టుకోవచ్చు.

పల్లెల్లో ఉన్న పాఠకులకు ఒక్క మాట. రెండు గుంతల మరుగుదొడ్డి ఉన్నవారికి ఈ బండితో పనే లేదు. ఒక గుంత నిండాక పైపును రెండోదానికి మళ్ళించి, మొదటిదానిని ఏడాది పైన, వీలైతే రెండేళ్ళు, మూసి ఉంచితే అది వాసన లేని మట్టిగా మారుతుంది, పారతో తీసి చెట్లకు వేసుకోవచ్చు. అడుగు లేని సిమెంటు రింగుల గుంత ఒక్కటే తవ్వించి దానిని సెప్టిక్ ట్యాంకు అని మేస్త్రీ చెబితే నమ్మవద్దు. కొత్తగా కట్టించేవారు రెండు అరలు, రెండు మూతలు, డాబా కన్నా ఎత్తుగా పోయే గాలి గొట్టం, అడుగుకు గట్టి కాంక్రీటు ఉన్నాయో లేదో పూడ్చక ముందే చూసుకోవాలి. టైల్సు వేసినా మూత మీది పలకకు కొక్కెం పెట్టించి విడిగా ఉంచాలి, ఇంటి కాగితాలతోపాటు ఆ చోటు గుర్తు వేసిన చిన్న పటం కూడా దాచుకోవాలి.

చివరగా మీ పత్రికకు, మా ఊరి పాలకులకు ఒక విన్నపం. ట్యాంకు బండ్ల ధరలు, ఫోను నంబర్లు, నమోదైన ప్రైవేటు బండ్ల జాబితా వంటి ప్రకటనలు ఇక్కడ ఒడియాలో వస్తాయి. అది రాష్ట్ర భాష, అందులో ఆక్షేపించవలసినదేమీ లేదు. కాని గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నది, మా తరం పెద్దలలో ఒడియా ధారాళంగా మాట్లాడుతూ చదవలేనివారు చాలామంది ఉన్నారు. పగలు ఇంట్లో ఉండేదీ, బండివారితో బేరమాడవలసి వచ్చేదీ వారే. ఆ వివరాలను పురపాలక సంస్థ నుంచి తీసుకుని మీ జిల్లా పేజీలో ఏటా జనవరి నెలలో ఒకసారి ప్రచురిస్తే చాలు. జాబితాలో బండి సామర్థ్యం ఎన్ని లీటర్లు, ధర ట్రిప్పుకా ట్యాంకుకా, పైపు ఎన్ని అడుగులు అన్నవి కూడా ఉండేలా అడిగి తీసుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా